రింగు మీద బొట్టు

1993 దసరా నాటికి రుద్రారం సంగప్పకు నలభై రెండేళ్లు. పటాన్‌చెరులో పదిమంది పనిచేసే ఒక షెడ్డులో, లేతు మిషన్ మీద లోహం చెక్కే టర్నరు. పదిహేనేళ్లు నీళ్ల పంపులకు బుష్షులు చేసీ చేసీ విసిగిపోయినవాడికి, ఆ ఏడు ఉపగ్రహంలో బిగించే అల్యూమినియం రింగు పని దొరికింది. ముందు నమూనాగా ఒక్కటి చేయాలి. వెంట్రుక మందంలో ఐదో వంతు తేడా వచ్చినా పనికిరాదు. అది పాసైతే మిగతా రింగులూ అతనివే. కాకపోతే మళ్లీ బుష్షులే.

తొమ్మిది రోజులకు రింగు అద్దంలా వచ్చింది. ఆయుధపూజనాడు లేతు మిషన్‌కు తడి కుంకుమతో బొట్టు పెట్టి, అదే చేత్తో రింగుకూ పెట్టాడు. కుంకుమ అతని భార్య సోమమ్మ ఇంట్లో పసుపు, సున్నం కలిపి చేసింది. తడి సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండు రోజుల సెలవు తర్వాత తుడిస్తే బొట్టు పోయింది, అర్ధరూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది.

యజమాని త్రినాథరావు తల పట్టుకున్నాడు. "ఎమ్రీ కాగితంతో రుద్దెయ్యవయ్యా, ఎవడు చూస్తాడు?"

"రుద్దితే మచ్చ వోతది సారూ, కొలత గూడ వోతది."

"భక్తితో పెట్టావు కదా, ఆ దేవుడే చూసుకుంటాడులే."

"దేవుడు మైక్రోమీటర్ పట్టడు గద సారూ!"

పదకొండింటికి ఉపగ్రహ సంస్థ నుంచి తనిఖీ అధికారి బద్రీనాథ్ వచ్చాడు. త్రినాథరావు చాయ్ తెప్పించేలోపే సంగప్ప రింగు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సార్, గిది నేనే ఖరాబ్ చేసిన. బొట్టు పెట్టిన."

బద్రీనాథ్ భూతద్దంలోంచి మచ్చను చూసి నవ్వాపుకోలేకపోయాడు. "మిషన్‌కు పెట్టుకో, ఎవరొద్దన్నరు? మాల్‌కెందుకు పెట్టినవయ్యా?"

"మంచిగొచ్చింది సార్. ముద్దొచ్చింది."

రింగు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత పడింది. సంగప్ప మొహం మాడిపోయింది.

"రుద్ది దాచిపెడితే దొరికిపోయేటోనివి. షెడ్డు పేరే కొట్టేద్దును," అన్నాడు బద్రీనాథ్. "ఇంకోటి ఎన్ని రోజులు?"

"చేతికి అలవాటైంది సార్. ఆరు చాలు."

ఆరో రోజు బద్రీనాథ్ రెండో రింగును నాలుగు వైపులా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కాగితం మీద పాస్ ముద్ర కొట్టి, రింగును దూదిలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. అది ఆకాశంలోకి పోయి ఏం చేస్తుందో చెప్పబోయాడు గానీ, సంగప్పకు వేరే తొందరుంది.

"ఇంకెన్ని గావాలె సార్?"

"యాభై."

"యాభయ్యా!" అంటూ అప్పటికే అతను తరువాతి అల్యూమినియం దిమ్మెను మిషన్‌కు బిగిస్తున్నాడు.