ఒకటి ప్రైమ్ నంబరా సార్?

అమీర్‌పేటలో నేను పైథాన్ నేర్చుకుంటున్న కోచింగ్ సెంటర్లో ఈ రోజు పరీక్ష పెట్టారు. అందులో పాసైన వాళ్లనే సోమవారం ఇంటర్వ్యూకి పంపుతారు. ఇచ్చిన నంబరు ప్రైమో కాదో చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. సార్ ఇచ్చిన జిరాక్స్ నోట్సులో అది ఉంది, బ్యాచ్ మొత్తానికీ కంఠతా వచ్చు. కానీ దానికి ఒకటి ఇస్తే ‘ప్రైమ్’ అంటుంది. ఒకటి ప్రైమ్ కాదని స్కూల్లోనే చదివాం కదా! అందుకే ఒక లైను చేర్చాను. సార్ కొట్టేశారు.

“ఇది నోట్సులో లేదు కదమ్మా?”

“ఒకటి ఇస్తే తప్పు చెప్తోంది సార్.”

“ఇంటర్వ్యూలో ఒకటి ఎవరు అడుగుతారమ్మా?”

పక్కనున్న షాహీన్ నన్ను గిల్లింది. “నోట్స్‌ల ఉన్నట్టు రాస్తే అయిపోతుండె గదనే! గా ఒకటి గురించి నీకెందుకే ఫికర్?”

లిస్టులో షాహీన్ పేరుంది, నాది లేదు. సాయంత్రం మెట్లు దిగుతుంటే సార్ వెనక్కి పిలిచి, నా పేపర్లోని ఆ లైనుకి ఫోన్‌తో ఫొటో తీసుకున్నారు. కొత్త బ్యాచ్ నోట్సులో చేరుస్తారట. “మరి నా మార్కు సార్?” అంటే, “లిస్టు వెళ్లిపోయిందమ్మా” అన్నారు.

ఇంతకీ నేను రాసింది రైటా, తప్పా? మీరైనా చెప్పండి.