కారం అంటిన బియ్యప్పిండి

పొద్దున గిర్నిలోంచి దిగుతున్న జొన్నపిండి వేడిగా ముక్కుకు తగిలి గట్టిగా తుమ్మాను. జొన్నపిండికి తుమ్మేమిటి? మిరపకాయ ఘాటు! ఆ ఘాటుతో పాటు సుశీలక్క గుర్తొచ్చింది. గూడూరులో నా గిర్నికి వచ్చేవాళ్లెవరూ ఆమెను చూడలేదు, అదే నా బాధ.

మహబూబాబాద్‌లో ఆమెది ఒక్క గిర్ని ఉన్న చిన్న దుకాణం. భర్త పోయాక అయినవాళ్లు అమ్మెయ్యమన్నా వినలేదు. తండా నుంచి చంటిబిడ్డతో వచ్చిన నాకు ఆ గిర్నే బువ్వ పెట్టింది. రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులవి, వారంలో సగం బందులే. తెల్లారి కాసేపు తీసి షట్టర్ దించేవాళ్లం. బజారులోకి ప్యాకెట్ పిండి కూడా వచ్చి పడింది. "ఇట్లయితే గిర్ని మూసుడే బుజ్జీ. నిన్ను, బిడ్డను ఎట్ల సాదుదునో" అనేది.

కారం పట్టాక గుప్పెడు నూకలు తిప్పి రాయి శుభ్రం చేయాలి. ఒక బందు పొద్దున, తొందరలో అది మరిచి, పెళ్లివారి అరిసెల బియ్యం పోసేశాను. పిండి ఎర్రగా దిగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా, నన్ను పనిలకెల్లి తీసెయ్యి" అని ఏడ్చాను. ఆమె చిటికెడు పిండి నోట్లో వేసుకుని చప్పరించింది.

"జర ఆగు. అరిసెలకు పనికిరాదు గని, గిది సర్వపిండికి ఎట్లుంటదంటవ్?" బియ్యప్పిండిలో కారం కలిపి కాల్చే రొట్టె అది.

ముందు పెళ్లివారింటికి నడిచి వెళ్లి, తప్పు తనదేనని చెప్పుకుంది. తన ఇంటి బియ్యం నానబోసి, పట్టించి ఇచ్చింది. మర్నాడు చౌరస్తాలో వంటావార్పు, అంటే రోడ్డు మీదే వండుకు తింటూ చేసే నిరసన. ఎర్రపిండిలో నువ్వులు, పల్లీలు కలిపి అక్కడికి మోయించింది.

"బందు షట్టర్‌కే గద, మన చేతులకు గాదు" అంది.

గిన్నెలకు ఒత్తి కాల్చిన సర్వపిండి అందరికీ ఊరికే పంచాం. "గీ పిండి యాడిదక్కా?" అని అడిగినవాళ్లే తర్వాత దుకాణానికి వచ్చారు. అప్పటినుంచి ఆ కారప్పిండినే పొడిబియ్యంతో పట్టి సంచుల్లో కట్టాం. జనగామకు, భూపాలపల్లికి బస్సులో పంపాం. గిర్ని నిలబడింది. ఆమె ఆలోచనలన్నీ కుదిరాయని కాదు. రాగిపిండిలో మునగాకు కలిపితే ఒక్కరూ ముట్టలేదు, తనే నవ్వి మానేసింది. నేను గిర్ని పెట్టుకుంటానంటే మాత్రం మొదటి రాయి తనే కొనిచ్చింది. ఆమె పోయిన రోజు నేను ఏడ్చినంత మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇంతకీ ఈ పొద్దున కారం పట్టిన రాయి మీదే జొన్నలు పోసింది నా దగ్గర పనిచేసే యాకమ్మ. గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. తిట్టడానికే నోరు తెరిచాను. అప్పటికే నా నోట్లో చిటికెడు పిండి ఉంది.