పట్టుపోగు కట్టిన పూలు

మా లక్ష్మీదేవమ్మ టీచరు ఇక లేరన్న విషాదవార్త అందేసరికి నేను మడకశిరలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. గార్లదిన్నెలో టీచరు పెంచిన పూలతోట ఉన్నంతకాలం ఆమె ఉంటారని ఎందుకో నమ్ముతూ వచ్చాను.

ఎన్ని కరువులు చూసిందో ఆ తోట. బోరు ఎండిన ఏళ్లలో గిన్నెలు కడిగిన నీళ్లే మొక్కలకు మోసేవారు. బంతి, చిట్టిచామంతి, కనకాంబరం, పట్టుకుచ్చు, మరువం - సౌందర్యంలో ఉచ్చనీచాలు ఆమె ఎరుగరు. "ఒగే రకం పెట్టుకుంటే సాకేది సులువు గదమ్మా" అని ఎవరైనా అంటే, "పురుగు పట్టిందంటే పొయ్యేదీ సులువే" అనేవారు.

ఆరో తరగతిలో చేరినప్పుడు నా మాటలో సగం కన్నడం. నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. నోరు తెరవడమే మానేశాను. టీచరు నన్నూ, అందరికంటే ఎక్కువ నవ్వే పిల్లనూ తోటకు పిలిచి కదంబం కట్టమన్నారు. ఆ పిల్ల మరువం రెమ్మలు పక్కన పెట్టేసి, "ఇది పువ్వు కాదు గదా టీచర్" అంది.

"కనకాంబరానికి వాసన ఉండాదా? మరువానికి రంగుండాదా? రెండూ ఆనుకుంటేనే దండ. కట్టండి."

అంతే, ఉపన్యాసం లేదు. ముడులు జారిపోయిన ఆ దండనే రోజంతా తలలో పెట్టుకు తిరిగారు. మర్నాటి నుంచి నేను మాట్లాడాను, నవ్వేవాళ్లు నవ్వారు.

ప్రతి రకంలోనూ కొన్ని పూలను విత్తనానికి వదిలి, కాడకు ధర్మవరం మగ్గాల దగ్గర తెచ్చుకున్న పట్టుపోగు కట్టేవారు. దేవుడికైనా వాటిని కోయనిచ్చేవారు కాదు. చివరిసారి ఫోనులో, "నాతో ఇంగ కాదు పాపా. పోగు కట్టిండేవి ఎండినాక నువ్వొచ్చి ఎత్తుకపో. ఆ రకాలు ఇంగ యాడా దొరకవు" అన్నారు.

నేను చేరేసరికి జనం ప్రేమకొద్దీ తోటంతా కోసి ఆమె మీద పోశారు. ఎవరిననగలను? కాడలకు పోగులున్నాయి, పూలు లేవు.

దినాల నాటికి నీళ్లు పోసేవారు లేక చెట్లూ మాడిపోయాయి. సమాధి మీద ఎండిన ఆ పూలనే కొంగులోకి ఏరుకుంటుంటే ఆమె తమ్ముడు ఆపాడు.

"ఏమ్మా, సమాధి మీది పూలు ఇంటికి ఎత్తుకపోతారా యాడన్నా?"

"టీచరే ఎత్తుకపొమ్మన్నారన్నా."

ఇంటికొచ్చి ఒక్కొక్కటే నలిపి చూశాను. పండకముందే కోసినవి, అన్నీ గింజ లేని తాలే. బంతి గింజలు మాత్రం గుప్పెడు గట్టిగా తగిలాయి.

నమస్కారం టీచర్. వాన పడితే అవే చల్లుతాను. మీ తోటలో ఏనాడూ ఒకే రకం లేదు. నా పెరట్లో ఇక అదొక్కటే.