తేదీ సరిగ్గానే ఉంది

మొన్న పొద్దున తెనాలిలో మా ఇంటి వసారాలో కాఫీ తాగుతూ మావారు ఫోనులో ఒక వార్త చదివి వినిపించారు. సముద్రం అడుగున నేల పొరలను పరీక్షించి తీసిన వివరాలను ఎలా దాచాలో చెప్పే ప్రభుత్వ నిబంధనల్లో కాలం చెల్లినవన్నీ తీసేశారట. టేపులూ, కాగితం ప్రతులూ ఇక అక్కర్లేదట. "మీ ఆఫీసు చెత్తంతా వదిలిపోయిందోయ్!" అని ఆయన నవ్వారు. నేను మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను.

పెళ్ళికి ముందు నేను రేపల్లెలో అలాంటి సర్వే ఆఫీసులోనే టైపిస్టుని. ఓడ ఒకటి మైళ్ళ పొడవున కేబులు లాక్కుంటూ తిరిగి, నీళ్ళలోకి చప్పుడు పంపి, అడుగునుంచి తిరిగొచ్చిన దాన్ని టేపుల మీదికి ఎక్కించేది. కార్బను కాగితాల మోత మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది; ప్రతి టేపు వివరాలూ ఆరేసి కాపీలు కొట్టీ కొట్టీ నా వేళ్ళు పడిపోయేవి. అవన్నీ పోతే పీడా పోయిందనే అంటాను. కానీ ఓడ వచ్చే ముందు ఒడ్డున ఉన్న పల్లెకు తెలుగులో నోటీసు చదివి వినిపించి, కులపెద్ద వేలిముద్ర వేయించి, ఆ కాగితాన్ని టేపుల ఫైల్లోనే భద్రపరచాలన్న నియమం కూడా ఆ నిబంధనల్లోనే ఉండేది.

సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళకు తేదీలతో పనిలేదు, పోటూ పాటూ అన్నీ తిథుల లెక్కే. అందుకని తేదీ పక్కన తిథి కూడా వేయడం మా ఆఫీసు అలవాటు. ఒకసారి గోడమీది క్యాలెండరులో పక్క గడి చూసి, ద్వాదశికి బదులు త్రయోదశి అని కొట్టేశాను. పల్లెవాళ్ళు తిథినే గుర్తుపెట్టుకున్నారు. ద్వాదశినాడు వలలు నీళ్ళలో ఉండగానే ఓడ వచ్చింది, కేబులు వాటిని చీల్చుకుంటూ పోయింది.

మర్నాడు కులపెద్ద ఆఫీసుకొచ్చారు, మా నాన్న వయసు మనిషి. బాపట్ల నుంచి వచ్చే మా ఆఫీసరుగారు ఫైలు తిరగేసి, "తేదీ సరిగ్గానే ఉంది, వేలిముద్రా నీదే, మేమేం చేస్తామయ్యా?" అన్నారు. పెద్దాయన నావైపు తిరిగి, "త్రయోదశనే కదమ్మా నువ్వు రాసింది? నువ్వైనా చెప్పమ్మా," అన్నారు. నాకంతా తెలుసు. కానీ ఉద్యోగం అప్పటికింకా పర్మినెంటు కాలేదు. తల వంచుకుని మిషన్లో కాగితం సర్దుకున్నాను. వలలు పోవడంతో ఆ ఏడు ఆయన కూతుళ్ళిద్దరూ వేటపాలెం జీడిపప్పు పనికి పోయారని విని, ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాను గానీ నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడు ఓడల కబురు గంటా నిమిషంతో సహా ఫోన్లకే వస్తుందట. మంచిదే. అయితే మన రోజుల్లో తప్పు జరిగితే మనిషి వచ్చి ఎదురుగా నిలబడి అడిగేవాడు. ఇప్పుడు ఎవరిని అడగాలో కూడా తెలియదు. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అబద్ధమాడలేదనడానికి ఉన్న సాక్ష్యం ఆ ఒక్క కాగితమే; తేదీనీ తిథినీ కలిపి చూసుకుంటే చాలు, ఎవరికైనా తెలిసిపోయేది.

నిన్న ధైర్యం చేసి ఆఫీసుకు ఫోను చేశాను. ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఆ కాలం ఫైళ్ళు పోయిన వారమే తీసేశామండి, ఏమన్నా ముఖ్యమైనదాండి?" అని అడిగింది. ఇన్నేళ్ళకు అడిగిన మనిషి దొరికింది, చెప్పేద్దామనుకున్నాను.

"ఏం లేదమ్మా" అని పెట్టేశాను.