కోడిపెట్ట చెడగొట్టిన సీను

తొంభైల మొదట్లో ఫిల్మ్ నగర్‌లో మేము అద్దెకున్న ఇంటి కింది వాటాలో సినిమా కథా చర్చలు జరిగేవి. అక్కడి రచయితగారికి ఒక అలవాటు. సీను రాయగానే మా ఓనరమ్మని కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటే సీను ఉన్నట్టు, లేదంటే చెత్తబుట్టకే.

ఓనరమ్మది షేక్‌పేట. పెరట్లో కోళ్ళు పెంచేది. కోడలికి అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు, మళ్ళీ నెలలు నిండుతున్నాయి. "గీసారి గూడ ఆడపిల్లనే అయితే నా కొడుక్కి ఇంకో సంబంధం చూస్త" అని ఓనరమ్మ వీధంతా చెప్పేసింది. వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్ల మాత్రం తల వంచుకుని కోళ్ళకు గింజలు చల్లేది.

ఆ రోజు సీను సరిగ్గా ఆ గొడవే. కోర్టులో కోడలు అత్తకి బుద్ధి చెబుతుంది. రచయితగారు గొంతు పెంచి చదివారు. "అత్తయ్యా! మీ పెరట్లో కోళ్ళని చూడండి. పెట్టా పుంజా అన్నది పుంజు వల్లే తేలుతుంది. మనుషుల్లోనూ అంతే, మగాడి వల్లే!"

ఓనరమ్మ కొంగు కళ్ళదాకా వెళ్ళింది. గుమ్మంలో కోడలు ఊపిరి బిగబట్టింది. నేనేమో జువాలజీ లెక్చరర్ని, నోరు ఊరుకుంటుందా!

"కోళ్ళలో పుంజు కాదండీ, పెట్టే."

కొంగు ఠక్కున దిగిపోయింది. "సూసిన్రా! నేను మొదటి సంది గదే చెప్తున్న. అంత ఆడదానితోనే ఉన్నది."

"అమ్మా తల్లీ, సీను చంపేశారు కదండీ!" అని రచయితగారు నెత్తి పట్టుకున్నారు.

కోడలి ముఖం చూసి నా మనసు చివుక్కుమంది. "ఉండండి, పూర్తిగా చెప్పనివ్వండి," అని అందుకున్నాను. మొసళ్ళకి ఆడామగా తేల్చే క్రోమోజోముల బెడదే లేదు. గుడ్లున్న చోటు ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి ఆడో మగో తేలుతుంది. కోళ్ళకీ మనకీ కూడా ఒకప్పుడు క్రోమోజోములన్నీ మామూలు జతలే. తర్వాత కోళ్ళ వంశంలో ఒక జతకి, మన వంశంలో వేరే జతకి ఆడామగా తేల్చే పని తగులుకుంది. ఆ జతలో ఒకటి తన జోడుతో ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం మానేసి, కోట్ల ఏళ్ళలో అరిగి చిన్నదైపోయింది. కోళ్ళలో ఆ అరిగిన ముక్క పెట్ట దగ్గర ఉంది. మనలో మగవాడి దగ్గర. అది అందితే కొడుకు, అందకపోతే కూతురు.

"మీ కోడలి దగ్గర అసలది లేనే లేదమ్మా. ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది?"

ఓనరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఏందీ, నా కొడుకుకాడ ఉన్నది అరిగిపోయిందా?"

"మీ ఆయన ఇచ్చిందే!"

"ఇదంతా పెడితే జనం క్యాంటీన్‌కి పోతారండీ," అని రచయితగారు కాగితాలు చింపేశారు.

నెల తిరక్కుండా మూడో ఆడపిల్ల పుట్టింది. ఓనరమ్మ ఎంత రాద్ధాంతం చేస్తోందోనని ఆస్పత్రికి పరిగెత్తాను. ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"జర మెల్లగ మాట్లాడు టీచరమ్మా. నా కొడుకు చిన్నబోయి కూసున్నడు. వాన్నేమనకు. వాడేమన్న కావాలని చేసిండా?"

మంచం మీంచి కోడలు నీరసంగా అంది, "మరి నేను కావాలని చేసిన్నా, అత్తమ్మా?"

ఓనరమ్మ వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"లేదు బిడ్డా," అని కొంగుతో కళ్ళొత్తుకుంది.