పదిమందిలో అడిగిన ప్రశ్న

2021 మే మొదటి వారంలో నన్ను ఆలూరు వైపు ఒక కాలేజీ హాస్టల్లో తెరిచిన కోవిడ్ కేర్ సెంటరుకు డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను హెడ్ నర్సుని. ముప్పై ఏళ్ల సర్వీసు, అందులో సగానికి పైగా మెడికల్ వార్డుల్లోనే గడిచింది. రిటైర్మెంటు దగ్గర పడ్డాక డిప్యుటేషన్ అంటే ఎవరికైనా చిరాకే, నాకూ వచ్చింది. కానీ ఆర్డరు వద్దనే రోజులు కావవి.

నాకు అప్పగించింది ట్రయాజ్ బల్ల. వచ్చినవాళ్లలో ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరిని సెంటర్లో ఉంచాలి, ఎవరిని అప్పటికప్పుడు అంబులెన్సులో కర్నూలుకు తరలించాలి అని వేరుచేసే చోటు అది. నిర్ణయం మెడికల్ ఆఫీసరుదే అయినా, ఆయన చూసేది నేను నింపిన కాగితం. వేలికి తగిలించే ఆక్సీమీటరు చూపిన అంకె, నిమిషానికి ఎన్ని శ్వాసలు, జ్వరం, వయసు, వాటి కింద 'ఇతర జబ్బులు' అని ఒక వరుస. షుగరు, బీపీ, గుండె, కిడ్నీలు, ఊపిరితిత్తులు, అధిక బరువు అన్నీ అందులోకే వస్తాయి. ఒకే వయసు, ఒకే ఆక్సిజన్ అంకె ఉన్న ఇద్దరిలో ఒకరు వారానికి ఇంటికి పోయి, మరొకరు పోకపోవడానికి కారణం చాలాసార్లు ఆ వరుసలోనే దొరికేది. షుగరు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆక్సిజన్ పడిపోయినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మందు ప్రాణం నిలబెడుతుంది, అదే మందు రక్తంలో షుగరును అమాంతం పెంచేస్తుంది. అలాంటివాళ్లకు పూటపూటకూ పరీక్ష చేస్తూ, ఇన్సులిన్ వేస్తూ ఆ మందు ఇవ్వాలి.

పరీక్ష చేసే స్ట్రిప్పులకు అప్పుడు కొరత. అందుకని షుగరు ఉందని చెప్పినవాళ్లకే పరీక్ష చేయాలని పద్ధతి పెట్టాం. 'పెట్టాం' అనడం మర్యాదకు, పెట్టింది నేనే. రోగికీ బల్లకూ మధ్య ఆరడుగుల దూరంలో తాడు కట్టించిందీ నేనే. ఒంటి మీద ప్లాస్టిక్ సూటు, రెండు మాస్కులు, మొహానికి షీల్డు, పైన పాత ఫ్యాన్ల రొద. గొంతు చించుకుంటే తప్ప ఒకరి మాట ఒకరికి వినపడదు. నేను అరిచి అడిగేదాన్ని, వాళ్లు అరిచి చెప్పేవాళ్లు, వరుసలో ఉన్నవాళ్లంతా వినేవాళ్లు.

రెండో రోజో మూడో రోజో నాగభూషణం వచ్చాడు. పేరు మార్చాను. యాభై రెండేళ్లు, కిరాణా అంగడి. వెంట భార్య జయమ్మ. వెనకాలే విత్తనాల వ్యాపారి గోపాలయ్య, ఆయనకు కాబోయే వియ్యంకుడు. నాగభూషణం కొడుక్కి గోపాలయ్య కూతురినిచ్చేటట్టు పది రోజుల కిందటే తాంబూలాలు పుచ్చుకున్నారట. గుంపులు కూడొద్దని ఊరూరా మైకులో చెబుతుంటే వీళ్లు బంధుబలగాన్నంతా పిలిచి విందు చేశారు. జ్వరమొస్తే పనులు ఆగిపోతాయని టీకా కూడా పెళ్లయ్యేదాకా వాయిదా వేశారు. ఇప్పుడు ఇద్దరికీ జ్వరం, దగ్గు. ఒకే కారులో దిగారు.

"షుగరుందా?" అని అరిచాను.

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "షుగరు గిగరు ఏమీ లేదమ్మా. దినామూ మూటలెత్తేటోణ్ణి, గట్టిగా ఉండా" అన్నాడు. గోపాలయ్య నవ్వి, "మా బావకేమమ్మా, శానా గట్టోడు" అని వంత పాడాడు. జయమ్మ ఏదో చెప్పబోయింది. నాగభూషణం ఆమె వైపు చూశాడు, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చూపు నేను గమనించాను. చెప్పులోంచి కనబడుతున్న ఎడమ బొటనవేలికి మాసిన గుడ్డ కట్టు ఉండటమూ గమనించాను. మానని కాలి పుండు కనిపిస్తే షుగరు చూడాలని కొత్తగా చేరిన నర్సుకు కూడా తెలుసు. కానీ వరుస గేటు దాటి ఉంది, సూట్లో చెమట కళ్లలోకి కారుతోంది. 'ఇతర జబ్బులు: లేవు' అని రాసి పక్కకు నెట్టాను. తర్వాత గోపాలయ్యను అడిగితే ఆయనా లేదన్నాడు. అదీ రాశాను.

ఇద్దరినీ సెంటర్లోనే ఉంచారు. మరునాడు నాగభూషణానికి ఆక్సిజన్ తగ్గడంతో స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రెండు రోజులకు, "నోరెండుకపోతాంది మేడం, ఎన్ని నీళ్లు తాగినా సాల్లేదు" అన్నాడు. మే నెల, పైన రేకుల కప్పు. ఆ హాలులో నీళ్లు అడగనివాడు లేడు. పాపం అనుకుని ఆయన మంచం పక్కన ఇంకో నీళ్ల క్యాను పెట్టించాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మరుసటి పొద్దున ఆయన మగతగా పడి ఉన్నాడు, ఊపిరి లోతుగా, వడిగా తీస్తున్నాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయనుకున్నారు డాక్టరుగారు. దుప్పటి జరిపినప్పుడు ఆ బొటనవేలు మళ్లీ కనబడింది. షుగరు మితిమీరినా ఊపిరి అలాగే ఆడుతుందని తట్టి, పరుగెత్తి స్ట్రిప్పు తెచ్చి వేలికి గుచ్చాను. మీటరు అంకె చూపలేదు. తన కొలతకు అందనంత ఎక్కువ ఉందన్న గుర్తు మాత్రం చూపింది. ఇన్సులిన్ వేసి, సెలైన్ ఎక్కించి, అంబులెన్సు ఎక్కించాం.

గేటు దగ్గర జయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తొమ్మిదేండ్ల నుంచి మాత్రలు మింగుతాండె. అన్నం మానేసి సంగటి తింటాండా, ఇంక మాత్రలెందుకని మూణ్ణెల్ల కిందట ఇడిసిపెట్టె. ఆ పొద్దు నేను చెప్పల్లనే ఉంటిని. వియ్యంకుని ముందర చెప్పొద్దని కండ్లురిమె. షుగరు వంశమంటే పిల్లనిస్తారా అని ఆయప్ప బయం" అంది.

నాకు ఆ మనిషి మీద పట్టలేనంత కోపం వచ్చింది. వరండా దాటేలోపు అది నా మీదికే తిరిగింది. నాగభూషణం రెండో రోజు కర్నూలులో పోయాడు. అక్కడి కేస్ షీటులో షుగరు సంగతి ఉంది. మా కాగితంలో 'లేవు' అనే ఉంది.

ఆ కబురు వచ్చిన పూటే, ఎవరినీ ఏమీ అడగకుండా హాలులో అందరి వేళ్లూ గుచ్చుకుంటూ వచ్చాను. షుగరు సంగతితో సహా కబురు గోపాలయ్యకూ అందినట్టుంది, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయనకూ ముందురోజే స్టెరాయిడ్ మొదలైంది. నేను స్ట్రిప్పు తీస్తుంటే లేచి కూర్చుని, చెయ్యి తనే చాపాడు.

"చూడాల్సిన పని లేదు మేడం. నాకూ ఉండాది. ఆరేండ్లాయ."

"మరి ఆ రోజు లేదన్నారే?"

"మా బావ ముందర యాడ చెప్పేది? పిల్లనిస్తాండేటోణ్ణి" అని తల వంచుకున్నాడు.

మీటరు మూడు వందలు దాటింది. సకాలంలో ఇన్సులిన్ పడింది కాబట్టి ఆయన బతికి ఇంటికి పోయాడు. ఒకరికి తెలియకూడదని ఇంకొకరు దాచిన జబ్బు ఇద్దరికీ ఒక్కటే.

మర్నాటి నుంచి తాడు ముడి విప్పించాను. పక్క గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, "రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు? ఏవైనా మానేశారా?" అని అడగడం మొదలుపెట్టాం. స్టోరు వాళ్లతో పోట్లాడి స్ట్రిప్పులు తెప్పించి, వచ్చిన ప్రతివాళ్లకూ పరీక్ష చేశాం. తర్వాతా మరణాలు ఆగలేదు, కాని షుగరు చూడకపోవడం వల్ల చనిపోయినవాళ్లు మా సెంటర్లో మళ్లీ లేరు. పైకి పంపిన రిపోర్టులో, కాలి కట్టు చూసి కూడా నేను అడగలేదని రాశాను. అది అవసరం లేదేమో అన్నారు డాక్టరుగారు. నేను కొట్టేయలేదు.

వయసు, షుగరు, బీపీ, బరువు, వీటన్నిటికీ మా కాగితంలో గడులున్నాయి. అడిగినప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉన్నారో రాసే గడి లేదు.