మొదటి లైనుకు ముందే

ఇది ఒక మహావీరుడి గాథ. అంటే, అంత లేదు. రాయదుర్గంలో మా ఆఫీసు ఏడో అంతస్తులో కూర్చుని, ఏ కోడ్ చూపించినా “ఇందుల ముందుగాల ఎవరు లేస్తరు?” అని అడిగే మా సీనియర్ గురించి. టీకి పిలిచినా అదే ప్రశ్న, కుర్చీలోంచి కదలకుండా.

ఒకసారి నేను రాసిన ప్రోగ్రాం వేరే మెషిన్‌లో పెడితే మొదటి లైను దాకా కూడా రాకుండానే చచ్చిపోయేది. రెండు ఫైళ్లలో రెండు ఆబ్జెక్టులు, అంటే ప్రోగ్రాం తనలో తయారుచేసుకునే వస్తువులు. ఒకటి పుడుతూనే రెండోదాన్ని పనికి పిలుస్తోంది, అది ఇంకా పుట్టనే లేదు. ఏది ముందు పుడుతుందో ఆ ప్రోగ్రామింగ్ భాష హామీ ఇవ్వదు.

“నా సిస్టంలో బానే నడిచిందన్నా.”

“అయితే నీ సిస్టమే కస్టమర్‌కు ఇస్తవా? రెండోది పిలిచినప్పుడే పుట్టేటట్టు రాయి. ఇగ ఫికర్ లేదు.”

ఆ వారమే ఆయనకు గుండె ఆపరేషన్. సెలవు మీద వెళ్తూ, “అయినంక ముందు నాకే పంపు. చూసినంకనే ఆపరేషన్‌కు లోపలికి పోత” అన్నారు.

మార్పు ఆ సాయంత్రమే పూర్తయింది. కానీ ఆయన మెచ్చుకోవాలని, ముందు నీటుగా సర్ది తర్వాత పంపుదామనుకున్నాను. రెండు రోజులు పేర్లు మార్చాను, ఖాళీలు దిద్దాను. నేను పంపేసరికి ఆయన్ను లోపలికి తీసుకెళ్లిపోయారు. మళ్లీ బయటికి రాలేదు. వాట్సాప్‌లో నా మెసేజ్ పక్కన ఇప్పటికీ ఒకటే టిక్కు.

కోడ్ చూసి రివ్యూ చేసినవారి పేరు ఖాళీగా ఉంటే మా సిస్టం ఏ మార్పునూ తీసుకోదు. పక్క టీమ్‌లో ఒకతని పేరు పెట్టాం.